నాగులేటిలో మూట

తెల్లారగానే బసవపున్నయ్య గేదెకు చొప్ప వేస్తున్నాడు. కూతురు నిర్మల గంప ఒకచేత్తో, కొక్కెం కట్టిన గెడ ఒకచేత్తో పట్టుకుని గడప దాటింది.

"ఏమే, మళ్లీ ఏటికేనా? ఊరి కుళ్లు ఎత్తడానికా నిన్ను కాలేజీలో చేర్పిచ్చింది?"

"ఇయ్యాళతో మా కాలేజీవాళ్లు ఏరు బాగుచేసే క్యాంపు అయిపోద్ది నాన్నా. ఆ నీళ్లేగా మనం తాగేది."

"మీ అమ్మ ఉంటే కాళ్లిరగ్గొట్టేది."

"అమ్మ ఉంటే నాకంటే ముందే దిగేది."

ఆ మాటకు ఆయన నవ్వాడు, ఆ వెంటనే మొహం గేదెవైపు తిప్పుకున్నాడు. భార్య మహాలక్ష్మి పోయింది మొన్న ఎండాకాలంలోనే.

పొద్దెక్కేసరికి పొరుగింటి సీతమ్మ రొప్పుతూ వచ్చింది. "అన్నా! నీ కూతురు వదిన మూటను ఒడ్డుకు లాగింది! వద్దంటే వినలా!"

పెద్దకర్మ నాడు పోయినవాళ్ల బట్టలూ దుప్పటీ మూటగట్టి నాగులేట్లో వదలడం ఆ ఊరి ఆచారం. వదిలినవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు. ఆ మూటను మళ్లీ ముట్టుకుంటే ఆ ఇంట్లో ఇంకో శవం లేస్తుందంటారు. బసవపున్నయ్య ఇంట్లో మిగిలింది ఈ ఒక్క పిల్లే. చూరులోని చర్నాకోల లాక్కుని పరిగెత్తాడు.

ఒడ్డున నిర్మల ఒళ్లో తడిమూట. మొదటి దెబ్బకే జాకెట్టు చిరిగి వీపు చిట్లింది. అడ్డొచ్చిన కాలేజీ మాస్టారిని తోసిన తోపుకు ఆయన రాళ్లమీద వెల్లకిలా పడ్డాడు. రెండో దెబ్బ మెడమీద పడి నెత్తురు చిమ్మింది.

"వదలవే! చస్తావే! వదులు!"

"చంపు నాన్నా! ముందు ఇది చూసి చంపు!"

మూట విప్పింది. చిలకపచ్చ చీర. సగం పందులు నమిలేశాయి.

"ఇది ఎక్కడికీ పోలా. తుమ్మకంపకు తగులుకుని ఈడనే ఉంది. అమ్మ చీరను పందులు పీకుతుంటే చూసి రమ్మంటావా?"

"ఏటెంట పోయి కృష్ణలో కలిసిందనుకున్నానే..."

చర్నాకోల చేతిలోంచి జారింది. మోకాటిలోతు లేని నీళ్లు. కంప పొడుగునా ఊరందరి మూటలు. తిరిగి చూసినవాడు ఒక్కడూ లేడు.

బురదలోనే కూలబడ్డాడు. "నీకేమన్నా అయితే నేనెవరికోసం బతకాలే?"

"ఇప్పుడు నన్ను చంపేది నువ్వేగా," అంది వెక్కుతూ. కాళ్లు పట్టుకోబోతున్న తండ్రి చేతుల్ని మధ్యలోనే అందుకుంది.

వెనక సీతమ్మ గొంతు సన్నగా వినబడింది. "అమ్మాయ్... మీ మామ మూట గూడా ఉందేమో చూడవే. ఎర్రంచు పంచె."

"నువ్వు దిగమాక సీతమ్మా, నేను తీస్తా."

బసవపున్నయ్య పంచె ఎగ్గట్టి ఏట్లో దిగాడు. కంపలో చేతులు పెడితే ముళ్లు కసుక్కున దిగాయి.

"పైన కాదు నాన్నా, మొదట్లో పట్టి లాగు," అంది నిర్మల, పక్కనే నీళ్లలోకి దిగుతూ.

నెత్తురోడుతున్న ఆ మెడను చూడలేక, తల వంచుకుని, కూతురు చెప్పినట్టే లాగాడు.