వెనక సీటు ప్రశ్న

యుద్ధనౌక డెక్కు మీద, విమానాలను గాల్లోకి విసిరే ఎగదోపు పట్టా దగ్గర తన వంతు రాగానే సుభాషిణి బెల్టు బిగించుకుంది. నిన్నటిదాకా విమానం వెనక సీటులో రాడార్ చూస్తూ, దారి చెబుతూ నూకరాజు ఉండేవాడు. ఇవాళ అక్కడ సహధీ అనే తొమ్మిది కిలోల కృత్రిమ మేధ పెట్టె ఉంది. యుద్ధం మూడో నెలలో పడ్డాక నౌక మీది జంటసీట్ల విమానాలన్నిటినీ ఒక్కొక్కటిగా ఒంటి పైలట్‌వి చేసేశారు. పెట్టె రాడార్ చూస్తుంది, దారి చెబుతుంది, అలగదు. అలగడం నూకరాజుకు వెన్నతో పెట్టిన విద్య. తనను దించేస్తుంటే సుభాషిణి నోరు మెదపలేదని నిన్నటినుంచి ఆమెతో మాటల్లేవు.

"తిన్నావేటమ్మా?" అని వెనకనుంచి వినిపించింది.

ప్రాణం లేచొచ్చింది ఆమెకు. మరుక్షణమే పెట్టె అని తెలిసి ఉసూరుమంది. నాలుగు వందల గస్తీల రికార్డింగులు విని అది ఆయన గొంతూ, ఆ ప్రశ్నా నేర్చుకుంది. "తిన్నాను బాబాయ్" అని జవాబొస్తే పైలట్ సిద్ధమని దాని లెక్క.

పాపం, దానికి తెలియనిది ఒకటుంది. ఆ జవాబు వినగానే నూకరాజు రికార్డరు మీట కట్టేసి, ఏటి తిన్నావని అడిగేవాడు. అబద్ధమైతే ఇట్టే పట్టేసేవాడు. జేబులోంచి పల్లీ ఉండ తీసి ముందుకు అందించి, ఆమె అది తిన్నాకే సిద్ధమని కమాండరుకు చెప్పేవాడు. ఆ రెండు నిమిషాలు ఏ రికార్డులోనూ లేవు.

మొన్న ఒంటిగా వెళ్లిన దమయంతి తిరిగి రాలేదు. అప్పట్నుంచి సుభాషిణికి ముద్ద దిగడం లేదు. ఈ ఖాళీ కడుపుతో, ఈ భయంతో ఎగిరితే తనూ తిరిగి రాదని ఆమెకు తెలుసు.

పెట్టె మళ్లీ అడిగింది.

"తినలేదు," అంది సుభాషిణి, రేడియోలో నౌకంతా వినేలా. "భయంగా ఉంది. ఒక్కదాన్నే వెళ్లలేను."

ఆ జవాబుకు సహధీలో గడి లేదు. మూడోసారీ అదే అడిగింది. పట్టా ఆగిపోయింది. వెనక విమానంలోంచి ఒకరు, ఆ వెనకదాంట్లోంచి మరొకరు తామూ తినలేదన్నారు.

కమాండరు ఏదో అనేలోపే నూకరాజు డెక్కు దాటి వచ్చాడు. నిచ్చెనెక్కి, బోల్టులు విప్పి, పెట్టెను కింది వాళ్లకు అందించాడు. తన సీటులో కూర్చున్నాడు. మొహంలో అలక ఇంకా అలాగే ఉంది. రికార్డరు మీట మాత్రం ఈసారి కట్టెయ్యలేదు.

"ఏటి తిన్నావు?"

"ఏమీ లేదు బాబాయ్."

భుజం పక్కనుంచి పల్లీ ఉండ ముందుకొచ్చింది. ఆమె నమిలి మింగేదాకా నౌకంతా ఆగింది.