గంగరాజు గారి బాసిల

బహ్రెయిన్‌లో హమద్ టౌన్ క్యాంపు నుంచి జల్లాఖ్ రిసార్టుకు వెళ్ళే స్టాఫ్ బస్సులో కిటికీ పక్క సీటంటే వీరదుర్గకు సొంత ఆస్తి కింద లెక్క. ఆ సంగతి బస్సులో అందరికీ తెలుసు, కొత్తగా చేరిన గంగరాజుకు తప్ప. తెలియకపోతే పోనీ, పక్కన కూర్చున్నవాడు బుద్ధిగా కూర్చోవద్దూ? ఒళ్ళో ఇంత పెద్ద డబ్బా పెట్టుకున్నాడు. డ్రైవర్ మునవ్వర్ భాయ్ మలుపులో బ్రేకు వేశాడు. డబ్బా మూత ఊడింది. అందులోని ఖర్జూరపు పాకం వచ్చి వీరదుర్గ ఇస్త్రీ యూనిఫాం మీద పడింది.

"అయ్యబాబోయ్! ఏంటండీ ఇది?"

"నేనేం జేసిన? బ్రేకు గాయన ఏసిండు. నువ్వు జర జరుగు, తుడుస్త."

"నువ్వా? ఎవరండీ మీకు నువ్వు?"

"మా జగిత్యాల దిక్కు మంచోళ్ళను గట్లనే పిలుస్తరు."

"మా రాజోలు వైపు పాకం పోసినోళ్ళని ఇంకోలా పిలుస్తారు. పిలవమంటారా?"

"పిలువు బేటీ, మేం గూడ ఇంటం," అన్నాడు అద్దంలోంచి మునవ్వర్ భాయ్. బస్సంతా నవ్వింది. గంగరాజు కూడా నవ్వాడు. వీరదుర్గకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె పని చేసేది రిసార్టు లాండ్రీలోనే కాబట్టి మరక వదిలింది. మనిషి మాత్రం వదల్లేదు. మర్నాడు మళ్ళీ అదే సీటు పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"మరక పోయిందా?"

"నా చేతిలో పడ్డ మరక బతకదండి."

"అవ్వ! అయితే నేను జర దూరం గూసోవాలె." అన్నాడే గానీ, అంగుళం కదిలితే ఒట్టు.

"ఇంతకీ ఆ పాకం ఎవరికి?"

"ఆకలైనోళ్ళకు."

"మీ పనేంటి?"

"వాటర్ సైడు."

వీరదుర్గ స్విమ్మింగ్ పూలు అనుకుంది. అతను అవుననలేదు, కాదనలేదు. అలా మొదలైన మాటలు రోజూ సాగాయి. అతను "గట్లనా" అంటే ఆమె వెక్కిరించేది. ఆమె "అండీ" అంటే అతను ఇంకోసారి అనమనేవాడు. చలికాలం వచ్చేసరికి, అతను ఎక్కని రోజు బస్సు చాలా నెమ్మదిగా వెళుతున్నట్టు ఆమెకు అనిపించసాగింది.

బహ్రెయిన్‌లో ఏడాదికి నాలుగు చినుకులు పడితే ఎక్కువ. ఆ నాలుగూ ఒక ఆదివారం ఒక్కసారే పడ్డాయి. రోడ్డు చెరువైంది, బస్సు ఆగిపోయింది. గంగరాజు కిటికీలోంచి చెయ్యి చాచి, వాన నీళ్ళు పట్టి, ఆమె ముఖం మీద చిలకరించాడు. ఆమె కోపంగా చూడబోయి నవ్వేసింది.

నిజానికి ఆమె మనసులో పెద్ద బరువే ఉంది. ఆమెను బహ్రెయిన్ తీసుకొచ్చిన మేనత్త సూర్యావతి జిదాఫ్స్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఆవిడే అక్కడి బట్టల కొట్లో పని చేసే మణికుమార్ అనే అబ్బాయిని చూసింది. ఈ శుక్రవారం మాట ఇచ్చేస్తానంటోంది. ఆ లోగా మీరొచ్చి అడగండి అని గంగరాజుకు చెప్పాలి. అంతే. గట్టిగా ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది.

అతని ఫోన్ మోగింది.

"ఆఁ, చెప్పు! బాసిల ఎట్లున్నది? ఏమన్న తిన్నదా? వాన పడ్డది గదా, సల్లగైతే దానికి పడదు. పాకం పొయ్యి. జర పైలం, మొన్ననే సచ్చి బతికింది. నేనస్తున్న. అది లేకుంటే నా బతుకే లేదిక్కడ!"

మన తెలుగుతో వచ్చిన చిక్కే ఇది. గేదె వచ్చింది, గిన్నె వచ్చింది, గీత వచ్చింది. మగాడికైతే వేరే క్రియ ఉంది గానీ, ఆడపిల్లకూ అన్నం గిన్నెకూ ఒకటే. బాసిల తిన్నదంటే వీరదుర్గ ఏమనుకోవాలి? పేరు చూస్తే అరబ్బుల పిల్లలా ఉంది. జబ్బు మనిషిలా కూడా ఉంది. ఆ పాకమంతా దానికేనన్నమాట!

"ఏదో చెప్పబోయినవు?" అన్నాడు గంగరాజు ఫోన్ పెట్టేసి.

"ఏం లేదండి," అంది. మర్నాటి నుంచి వెనక సీటుకు మారిపోయింది.

మూడు రోజులు పాపం గంగరాజు బస్సులో వెనక్కి తిరిగి తిరిగి మెడ నొప్పి తెచ్చుకున్నాడు. ఆమె కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చుంది. ఏడుపు వచ్చింది, రాలేదని ఎందుకు చెప్పాలి? కానీ గురువారం పొద్దున లేచేసరికి ఏడుపు మీదే కోపం వచ్చింది. ఎవతో పేరు విని నా మనిషిని నేనే వదిలేసుకోవాలా? ముందు తేల్చుకుందాం. ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది.

"మునవ్వర్ భాయ్, గంగరాజు గారు పని చేసేదెక్కడ?"

"గా ఖర్జూర చెట్ల ఎనుక కంచె ఉంది సూడు, ఆడనే."

లంచ్ బ్రేక్‌లో నేరుగా అక్కడికి వెళ్ళింది. స్విమ్మింగ్ పూలు లేదు. పెద్ద సిమెంటు తొట్టి ఉంది. అందులో గోధుమరంగు నీళ్ళు, పైన నురగ. బుడబుడమని గాలి బుడగలు. గట్టు మీద గంగరాజు.

"ఏదండీ ఆవిడ?"

అతను అదిరిపడ్డాడు. "ఎవరు?"

"బాసిల! దాచకండి, ఫోన్లో విన్నాను. తిన్నదా అన్నారు. అది లేకపోతే బతుకే లేదన్నారు. ఒక్కసారి చూపించండి, చూసి పోతాను."

గంగరాజు ఆమె ముఖంలోకి చూశాడు. తొట్టి వైపు చూశాడు. పొట్ట పట్టుకుని గట్టు మీద కూలబడి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఇగో, సూడు నీ సవతి! ఒక్కతి గాదు, కోట్లమంది."

"ఏంటి? ఈ నురగా?"

"బ్యాక్టీరియా పిల్లా. బాసిల్లస్ అని మా ఇంజినీరు అంటడు. నాకు నోరు తిరగక బాసిల అన్న. రిసార్టుల మురుగంతా ఈ తొట్టిలకే అస్తది. ఇది ఆ మురికిని తింటది. మొన్న స్విమ్మింగ్ పూలోళ్ళు ఆగమాగం క్లోరిన్ నీళ్ళన్నీ ఇటు ఇడిసిండ్రు, సగం సచ్చినయి. పాకం పోసి పోసి లేపిన."

"తిన్నాక?"

"ఇంకో రెండు తొట్లల్ల తేరుకోని నీళ్ళు తేటగైతయి. గీ చెట్లన్ని తాగేటియి గవ్వే. మీ లాండ్రీ పౌడర్ల మరకలు కొరికే మందుంటది సూడు, అది గూడ దీని జాతిని పెంచే తీస్తరట."

వీరదుర్గకు నవ్వొచ్చింది, సిగ్గొచ్చింది, ఆపైన కోపమూ వచ్చింది. "మరి వాటర్ సైడు అని ఎందుకన్నారు?"

గంగరాజు నవ్వు ఆగిపోయింది. "మురుగు కాడ పని అంటే బస్సుల నా పక్కకెవరు గూసుంటరు? ఊర్ల రెండు సంబంధాలు గందుకే పోయినయి. నువ్వు గూడ పోతవని భయమైంది."

"నేను పోయేదాన్నయితే ఇంత దూరం ఎండలో ఎందుకొస్తానండి?" అంటూ అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. "నాకు మీరు కావాలి. రేపు మా అత్త వేరేవాళ్ళకి మాట ఇచ్చేస్తుంది. మీరొచ్చి అడగాలి. పని గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి."

"గుమ్మం తొక్కనిస్తదా?"

"తొక్కనివ్వకపోతే గుమ్మం బయటే నిలబడి చెప్పండి. నేను పక్కనే ఉంటాను."

గంగరాజు లేచి నిలబడ్డాడు. "నువ్వు పక్కన ఉంటే ఎక్కడన్న నిలబడత," అన్నాడు.

శుక్రవారం అన్నంత పనీ అయింది. సూర్యావతి గంగరాజును తన ఇంటి గుమ్మం దగ్గరే ఆపేసింది. గొంతునొప్పికి యాంటీబయాటిక్ మాత్రలు మింగి మింగి కడుపు చెడి, ఆవిడ అసలే చిరాకు మీద ఉంది.

"మురుగునీళ్ళ దగ్గర పనా? ఒసేయ్ దుర్గా, మతి గానీ పోయిందా? ఆ మణికుమార్ చొక్కా చూశావా, ఎలా మెరిసిపోద్దో!"

"చొక్కా నేను ఉతికినా మెరుస్తుంది అత్తా. నేను ఈయన్నే చేసుకుంటాను."

"అత్తమ్మా, నేను..."

"అప్పుడే అత్తమ్మా? నువ్వుండవయ్యా! ఆ పురుగుల్ని పెంచే చేతులతో మా ఇంట్లో..." మాట మధ్యలోనే కడుపు పట్టుకుంది. బల్ల మీంచి క్లినిక్కువాళ్ళిచ్చిన చిన్న ప్లాస్టిక్ సీసా తీసి, మూత తుంచి, గటగటా తాగింది.

గంగరాజు ఆ సీసా వైపు వంగి చూశాడు. మళ్ళీ చూశాడు. ఆ నవ్వు మళ్ళీ మొదలయ్యేలా ఉంది. "దుర్గా, జర గా సీసా మీది పేరు సదువు."

వీరదుర్గ సీసా తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంది. కళ్ళు పెద్దవయ్యాయి. "బాసిల్లస్!"

"ఎవత్తే అది?" అంది సూర్యావతి.

"ఈయన పెంచేదే అత్తా! దాని అక్కో చెల్లెలో. మాత్రలకి నీ కడుపులో మంచి పురుగులు చచ్చిపోయాయి కదా, బాగుచెయ్యడానికి డాక్టరు దీన్ని పంపాడు."

"అయ్యబాబోయ్! మురుగు పురుగు తాగించేశార్రా దేవుడో!"

"మురుగుల పుట్టలేదు అత్తమ్మా, మురుగును బాగుచేస్తది," అన్నాడు గంగరాజు గుమ్మం బయటి నుంచే.

వీరదుర్గ అత్త ముందుకు వచ్చి నిలబడింది. "అది నీ కడుపులోకి రావచ్చు గానీ, దాన్ని పెంచి బతికించేవాడు నీ ఇంట్లోకి రాకూడదా అత్తా?"

సూర్యావతి ఏదో అనబోయింది. మేనకోడలి ముఖం చూసి ఆగింది. చిన్నప్పుడు పడవ ఎక్కనంటే ఎక్కనని గట్టు మీద మొండిగా నిలబడినప్పుడు కూడా పిల్ల ముఖం ఇలాగే ఉండేది. ఎవరూ గెలవలేదప్పుడు. ఆవిడ ఖాళీ సీసా వంక చూసింది, గుమ్మం బయట చెప్పులు విప్పి చేతులు కట్టుకు నిలబడ్డవాడి వంక చూసింది.

"ఆ మణికుమార్‌కి ఏదో ఒకటి చెప్పుకుంటాలే," అని గొణిగింది. "లోపలికి రా అబ్బాయ్. చేపల పులుసు ఉంది, అన్నం తిని వెళుదువుగాని. చేతులు మాత్రం సబ్బుతో రెండుసార్లు కడుక్కో."

గంగరాజు మూడుసార్లు కడుక్కున్నాడు.