టైర్ల షాపు సున్నా

ఆ పొద్దున ఆకాశం అలిగిన మనిషిలా మూతి ముడుచుకుని ఉంది. కురవదు, తెరిపివ్వదు. చలిగాలికి దారినపోయేవాళ్లు చేతులు కట్టుకుని నడుస్తుంటే, టైర్ల షాపు ముందు నిచ్చెన మీదున్న పెయింటరు చొక్కా మాత్రం చెమటకు వీపుకంటుకుపోయింది.

షాపు బోర్డు మీద ఫోన్ నంబరు రాస్తున్నాడు. సున్నా అతని గర్వం. ముందు పెన్సిలు గీత గియ్యడు, గిన్నె బోర్లించి చుట్టడు. బ్రష్షు ఆనించాడంటే ఒక్క విసురున తిరిగి, మొదలైన చోటికే వచ్చి కలిసేది. అందుకే బజారంతా అతన్ని బ్రష్షు అని పిలిచేది. ఆ రోజు సున్నా సగం తిరిగేసరికి చెయ్యి వణికింది.

"ఏమయ్యా బ్రష్షూ, అది సున్నానా, పంక్చరైన ట్యూబా?"

కింద షాపాయన కూతురు. తండ్రి టైర్లు విప్పుతాడు, ఆమె గాలి కొడుతుంది. గోడ వంకరగా ఉందన్నాడతను. గోడ కాదు, రేకు అని ఆమె తట్టి చూపించింది. అతను బ్రష్షు డబ్బాలోకి విసిరాడు. నీలం రంగు ఆమె చెప్పుల మీద చిందింది. తుడవకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు సున్నా దిద్దడానికి వచ్చాడు. ఆ మర్నాడు, దిద్దినదాన్ని దిద్దడానికి. వచ్చినప్పుడల్లా ఇద్దరికీ ఉప్పూ నిప్పే. కాకపోతే తిట్టడం అయ్యాక ఆమె నవ్వు దాచుకోడానికి టైరు మీదికి వంగేది. ఆ వంగడం కోసం అతను ఇంకో మాట అనేవాడు.

ఈలోగా అతని ఒళ్లు మారిపోతోంది. ముగ్గురి తిండి తింటున్నాడు, ఎండుపుల్లలా అవుతున్నాడు. బెల్టుకు కొత్త బెజ్జాలు పడ్డాయి. పడుకుంటే కునుకు రాదు. ఎవరో తరుముతున్నట్టు గుండె ఊరికే పరిగెడుతుంది. ఎప్పుడూ ముక్కు మీదుండే కోపం నోట్లోకి దిగింది. కూర చల్లారిందని కంచం విసిరాడు. అక్షరాలు ఎంత పెద్దవి రాస్తావని అడిగిన పాపానికి ఒక బేరగాణ్ణి తిట్టి పంపాడు. ఇది ప్రేమేనని స్నేహితులు తేల్చేశారు. వలపు సిగ్గెరగదంటారు, మా వాడి వలపు ఆకలీ నిద్రా కూడా ఎరగడం లేదని తల్లి నిట్టూర్చింది. అతనూ నమ్మాడు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుని షాపులో ఇరుక్కుపోయినప్పుడు చెప్పేశాడు. అదీ దెబ్బలాడినట్టే.

"నిన్ను చూస్తే గుండె దడదడలాడుతుంది. చేతులు వణుకుతాయి. నిద్ర లేదు. అన్నిటికీ నువ్వే కారణం."

ఆమె చేతిలో గాలి మీటరు అలాగే ఉండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. చూరు నుంచి కారుతున్న నీళ్లను కాసేపు చూసింది.

"మరి నేను కనబడనప్పుడు?"

"అప్పుడూ అంతే."

"మీ అమ్మ పక్కన ఊరికే కూర్చున్నప్పుడు?"

"అప్పుడూనూ."

ఆమె మొహంలో వెలుగు తగ్గింది. గ్లాసుతో నీళ్లిచ్చి తాగమంది. అతను తలెత్తి తాగుతుంటే, మెడ ముందు, గొంతుముడి కింద, చిన్న ఉబ్బు గుటకతో పాటు లేచి దిగడం చూసింది.

"నాకిది థైరాయిడ్‌లా ఉంది. రక్తపరీక్ష చేయించుకో."

అతను గ్లాసు ఠక్కున పెట్టాడు. "ఇష్టం లేకపోతే లేదని చెప్పు. నా మనసుకి రోగం అంటగట్టకు."

అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. అతని కోపం కన్నా పాతది అది. ఆమె పిన్ని కూడా ఇలాగే తిని తిని చిక్కిపోయింది, ఇలాగే అరిచేది. ఇంటిల్లిపాదీ ఆమెను గయ్యాళి అన్నారే తప్ప, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినవాళ్లు లేరు. గుండె పాడయ్యాక గానీ సంగతి బయటపడలేదు. ఈ మాటలన్నీ పళ్ల మధ్య నుంచి చెప్పింది.

"గాలి ఎక్కువైన టైరు కూడా గుండ్రంగానే ఉంటుంది, పేలేదాకా," అంది చివరికి.

అని ఊరుకోలేదు. అతని నిచ్చెనను టైర్ల గొలుసుతో కట్టి తాళం వేసింది. పరీక్ష చేయించుకొచ్చి తీసుకెళ్లమంది. నా కూటికి తాళం వేస్తావా అని అతను వీధి అదిరేలా అరిచాడు. ఆమె తాళంచెవి కొంగున ముడేసుకుని పనిలో పడింది. ఏమీ లేదని రాయించుకొచ్చి నీ మొహాన కొడతానని అతను వానలోనే వెళ్లిపోయాడు.

పంతానికి వెళ్లినవాడు డాక్టరు ముందు చల్లబడ్డాడు. రక్తం పరీక్షిస్తే, మెడలోని థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందట. దడ, వణుకు, చెమట, కోపం, చిక్కిపోవడం, అన్నీ దాని పుణ్యమే. కొందరికి అది మందగించి అంతా ఇందుకు తలకిందులుగా ఉంటుందట: ఒళ్లు బరువెక్కడం, నీరసం, చలి. రెంటికీ మందుంది, కానీ పరీక్ష లేకుండా ఊహించకూడదు, మాత్రలు సొంతంగా మానకూడదు, చెయ్యి కుదురుకునేదాకా నిచ్చెన ఎక్కకూడదన్నాడు డాక్టరు.

మాత్రలు వేసుకుంటూ వారాలు గడిచేకొద్దీ గుండె నెమ్మదించింది. నిద్ర పట్టింది. అప్పుడు పట్టుకుంది అతనికి అసలు భయం. దడ రోగానిదైతే, నాదంటూ మిగిలిందేమిటి? టైర్ల షాపు దారి మానేశాడు.

చెయ్యి కుదిరాక అరువు నిచ్చెన మీద ఎక్కడో ఒక బోర్డు రాశాడు. సున్నా చక్కగా వచ్చింది. రాగానే తిట్టు కోసం కిందికి చూశాడు. ఎవరూ లేరు. మంచి సున్నా, వెలవెలబోయింది.

ఆ మధ్యాహ్నమే షాపుకు వెళ్లాడు. ఆమె తలెత్తలేదు.

"మందు బాగా పనిచేసినట్టుంది. కనబడ్డమే మానేశావ్," అంది. చేతిలో పానా కింద పడేసింది. "నన్ను ప్రేమిస్తున్నానని ఒకడు చెప్పడం అదే మొదలు. దానికి మందు నేనే చెప్పాను. ఆ తాళం వేసిన రోజు నాకెంత ఏడుపొచ్చిందో నీకేం తెలుసు?"

అతను చెప్పులు చూసుకున్నాడు. "దడ పోయింది. వణుకు పోయింది. కోపం సగం పోయింది. నువ్వు పోలేదు."

ఆమె తలెత్తింది. "మిగతా సగం కోపం?"

"అది నా సొంతం."

ఆమె టైరు మీదికి వంగింది. కొంగు ముడి విప్పి తాళంచెవి అతని వైపు విసిరింది. అతను నిచ్చెన ఎక్కితే ఆమె కింద రెండు చేతులా పట్టుకుంది. పాత సున్నా మీద తెల్లరంగు వేసి, ఆరాక, ఒక్క విసురున చుట్టాడు. రెండు కొసలూ కలిశాయి. ఆమె ఏ వంకా పెట్టలేదు.

ఈలోగా కొడుకు ఇటే వచ్చాడని విని, క్యారియరు పట్టుకుని తల్లి వచ్చింది. నిచ్చెన పైనున్నవాణ్ణి, కిందున్నదాన్ని చూసింది. షాపాయనా చూశాడు. మారుమాట లేకుండా కొత్త టైరొకటి దొర్లించుకొచ్చి, పాతగుడ్డతో తుడిచి, ఆవిడ కూర్చోడానికి పడుకోబెట్టాడు.

నలుగురూ టైర్ల మీద కూర్చుని తిన్నారు. తల్లి అలవాటుగా మూడోసారి వడ్డించబోతే అతను కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ గరిటె అలాగే పట్టుకుని ఆ చేతిని చూసింది. అది వణకడం లేదు. ఆ అన్నం తీసుకెళ్లి పక్కనున్న షాపాయన పిల్ల కంచంలో వేసింది. పిల్ల తలవంచుకుని తింది.