గరుకు వైపు

ఆ ఉదయం ఆశాజ్యోతి టీచరు ఆరో తరగతి పిల్లలకి 'పాక్షిక పారదర్శకం' అంటే ఏంటో చెప్పింది. నోరు తిరగని మాటే. తెల్లకాగితానికి కొబ్బరినూనె రాసి, కిటికీకి ఎదురుగా పట్టుకుంది.

"వెలుగు వస్తోందా?"

"వస్తోంది టీచర్."

"అవతల మనిషి ఉన్నాడా?"

"ఉన్నాడు టీచర్. ఎవరో తెలీట్లేదు."

"అంతే. నూనె కాగితం, గరుకు అద్దం, పొగమంచు, అన్నీ ఈ కోవలోవే. రాసుకోండి."

గొంతు ఎక్కడా వణకలేదు. భర్త కిరణ్ కుమార్ నాటుపడవ మీంచి గోదాట్లో పడి నలభై రోజులు. శవం దొరకలేదు. పాపం, ఆవిడకి ఏడుపు కూడా రాలేదు, మనిషి మొద్దుబారిపోయింది. రేపు, పోయినవాళ్ళ ఇంట పెట్టే ఆదరణ కూడిక పెడదామా అని పాస్టరు ఆశీర్వాదం గారు అడుగుతున్నారు. పెడితే కిరణ్ పోయినట్టే. పెట్టకపోతే ఇంకా వస్తాడేమో. ఏ మాటా చెప్పలేక, కూడికకి కట్టుకునే తెల్లచీర మాత్రం ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టుకుంది.

నరసాపురంలో ఇల్లు చేరేసరికి ఐదున్నర. వంటింటి వెనకతలుపుకి గరుకు అద్దం. బిగించింది కిరణే, అదీ తిరగేసి. గరుకు వైపు లోపలికి ఉండాలి, ఆ మహానుభావుడు బయటికి పెట్టాడు. గరుకు తడిస్తే అద్దం తేటపడుతుంది కదా, వానొచ్చినప్పుడల్లా వంటిల్లంతా పెరట్లోకి కనిపించేది. ఎంత సణిగినా నవ్వేవాడు: "పోనిద్దూ, వాన కూడా చూడాలిగా నీ వంట."

సాయంత్రపు ఎండ ఆ అద్దం మీద ఎర్రగా పడుతోంది. ఏటి బురద వాసన వచ్చింది. అవతల ఎవరో నిలబడి ఉన్నారు. పొడుగ్గా, కాస్త ఎడమకి ఒరిగి. కిరణ్ అలాగే నిలబడతాడు.

భయపడాలని తెలుసు. భయం రాలేదు.

"ఏవండీ... మీరేనా?" అంది గుసగుసగా.

గడప అవతల నీటిచుక్కలు పడుతున్న చప్పుడు.

గడియ తియ్యబోయింది. చెయ్యి రాలేదు. తీస్తే తెలిసిపోతుంది.

అప్పుడు... అవతలి నుంచి ఒక తడి అరచెయ్యి అద్దాన్ని తుడిచింది. గరుకు వైపు. అంత మేరా తేటపడింది. వంగి చూసింది. అరటిచెట్టు. బట్టల తీగ. ఖాళీ పెరడు. తల ఎత్తింది. పైన మసకలో మనిషి అలాగే ఉన్నాడు.

మళ్ళీ తేటలోంచి చూసింది. లేడు.

మసకలోంచి... ఉన్నాడు.

ఫోన్ మోగింది. పాస్టరు గారు. "అమ్మా జ్యోతీ, ఏమనుకున్నావు?"

"పెట్టండి అయ్యగారూ. ఆయన పోయారు."

నలభై రోజులుగా నోట రాని మాట మంచినీళ్ళ ప్రాయంగా వచ్చేసింది. ఫోన్ పెట్టేసింది.

అద్దం మీద తడి ఆరింది. తేటపడిన చోటు మళ్ళీ మసకబారింది. ఇప్పుడు అవతల ఇద్దరు. రెండో మనిషి ఆయన భుజం దాకా... సరిగ్గా జ్యోతి ఎత్తు. ఒంటి మీద తెలుపు.

జ్యోతి తన చీర చూసుకుంది. బడికి కట్టుకెళ్ళిన ఆకుపచ్చదే. పక్కగదిలోకి వెళ్ళింది. మంచం మీద తెల్లచీర మడత చెదరకుండా ఉంది. పట్టుకుంది.

తడిగా ఉంది. బురద వాసన.