మేఘాలు లేని మ్యాప్

"ఈ పచ్చరంగు వేసిందెవరండీ?"

గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నడుం దాకా ఎండిన బురద, భుజాన సంచీ, చేతిలో నాలుగు మడతలు పడ్డ మ్యాప్. అప్పుడే తుడిచిన నేల మీద మెట్ల దగ్గర్నుంచి అతని బూట్ల అచ్చులు వరసగా పడ్డాయి.

"నేనే. ఏం?" అంది ఆమె, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా.

"పచ్చగా ఉంది కదా, పొదలున్నాయనుకుని వెళ్ళానండీ. నడుం దాకా దిగిపోయాను. అక్కడున్నది పొద కాదు, నాచు పట్టిన బురద."

"ఏడొందల కిలోమీటర్ల పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి."

"దిగినవాడికి మాత్రం వేరేగా ఉంటాయండీ."

ఆమెకు నవ్వొచ్చింది. కష్టపడి ఆపుకుంది. తప్పు దిద్దడానికి ఆ చోటెక్కడో చూపించమంది. అతను వంగి తెర మీద వేలు పెట్టాడు. వేలికున్న బురద తెరకంటింది. ఆ మరకను ఆమె సాయంత్రం దాకా తుడవలేదు. ఎందుకు తుడవలేదని అడిగితే పనిలో పడి మరిచిపోయానని చెప్పేది. అబద్ధం.

వాళ్ళ పనేమిటో కాస్త చెప్పాలి. భూమికి ఉత్తరపు కొసన చెట్లు మొలవని చలి నేల ఉంది. టండ్రా అంటారు. పైన గడ్డి, నాచు, మోకాలెత్తు పొదలు. కింద వేల ఏళ్ళుగా గడ్డకట్టిన మట్టి. ఇప్పుడు వేడి పెరిగి ఆ మట్టి కరుగుతోంది. ఎక్కడ పొదలు ఎగబాకుతున్నాయో, ఎక్కడ నేల కుంగుతోందో, ఏ చెరువు ఉబ్బుతోందో, ఏ చెరువు గట్టు తెగి ఒక్క పూటలో ఖాళీ అవుతోందో ఉపగ్రహాల చిత్రాల్లో చూసి లెక్కతేల్చడం ఆమె ఉద్యోగం. ఆ లెక్క నిజమో కాదో వేసవిలో వెళ్ళి కాళ్ళతో తొక్కి చూడడం అతని ఉద్యోగం. ఆ రోజు విమానం దిగి, బట్టలు కూడా మార్చకుండా నేరుగా ఆఫీసుకే వచ్చాడు.

ఆమె మహా పిరికిది. లిఫ్టులో ఒక్కతే ఎక్కదు. ఉరిమితే కిటికీ మూసి దానికి వీపు పెట్టి నిలబడుతుంది. ఆ పిరికితనం వల్లే పనిలో ఒక నియమం పెట్టుకుంది. చిత్రంలో మేఘం అడ్డొచ్చి నేల కనబడకపోతే ఆ చోటు తెల్లగా వదిలేస్తుంది. ఊహించి రంగు వేయదు. అందుకే ఆమె మ్యాపుల నిండా తెల్లటి చిల్లులు.

"ఏమండీ చిల్లుల మేడమ్, ఇది మ్యాపా, చెదలు తిన్న చొక్కానా?" అనేవాడు అతను.

"బురదబాబుగారూ, ముందు బూట్లు బయట వదలండి."

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక వానలో ఒకే గొడుగు కింద బస్టాపు దాకా నడిచారు. గొడుగు మొత్తం ఆమె వైపే ఒంగి ఉంది. అతను పూర్తిగా తడిసి, తుమ్ముతూ, నాచుల్లో ఎన్ని రకాలున్నాయో చెబుతూనే ఉన్నాడు. మీరు కాస్తా నువ్వు అయింది. చెప్పాల్సిన మాట మాత్రం ఇద్దరూ చెప్పలేదు. అతనికి తీరిక లేదు. ఆమెకు ధైర్యం లేదు.

మూడో ప్రయాణానికి ముందు అతను అడిగాడు. "ఒక్కసారి చిల్లుల్లేని మ్యాప్ ఇవ్వరాదూ? చూసి మురిసిపోతాను."

ఆమె ఇచ్చింది. తన నియమాన్ని తానే తప్పింది. మేఘాలున్న చోటల్లా పాత వేసవుల చిత్రాల్లోంచి ముక్కలు తెచ్చి అతికింది. రెండేళ్ళ కిందటివి కొన్ని, నాలుగేళ్ళ కిందటివి కొన్ని. అతుకు కనబడకుండా రంగులు కలిపింది. ఏ ముక్క ఏ ఏటిదో చెప్పే కాగితం ఇంకోటి జత చేయాలి. అది రేపిద్దాంలే అనుకుంది. మ్యాప్ చూసి అతను "అబ్బ!" అని ఆమె వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వుతో కాగితం సంగతి ఆమెకు గుర్తే లేకుండా పోయింది.

ఇంకో ఇద్దరితో కలిసి అతను వెళ్ళిన తొమ్మిదో రోజు పొద్దున పది గంటలకు కొత్త రాడార్ చిత్రం వచ్చింది. రాడార్‌కు మేఘాలు అడ్డం కావు. నీళ్ళుంటే నల్లగా కనిపిస్తుంది. చెరువులు లెక్కపెట్టుకుంటూ పోతున్న ఆమె చెయ్యి ఒక చోట ఆగిపోయింది.

అతని టెంటున్న చోటు అది. ముందురోజు సాయంత్రం ఫోన్‌లో అతనే చెప్పాడు, పొగమంచుకు చెరువు కనబడకపోయినా, దానికి మూడొందల అడుగుల దూరంలో గట్టి నేల చూసుకుని టెంట్లు వేశామని. చూసుకున్నది ఆమె మ్యాప్‌లో. ఆ ముక్క నాలుగేళ్ళ కిందటిది.

ఇప్పుడు ఆ నల్లటి నీళ్ళు టెంటుకు నలభై అడుగుల్లో ఉన్నాయి. చెరువుకూ పల్లానికీ మధ్య గట్టు దారంలా మిగిలింది. అది తెగితే చెరువంతా ఆ టెంట్ల మీదుగానే పోతుంది.

 ఆమె వెంటనే మెసేజ్ కొట్టింది. "వెంటనే లేచి పడమటి రాళ్ళ గుట్ట మీదికి పరిగెత్తండి. ఏమీ సర్దుకోవద్దు."

కానీ ఎవరు చదువుతారు? అక్కడి శాటిలైట్ ఫోన్‌కు చిన్న సోలార్ పలక ఒక్కటే ఆధారం. వారంగా మబ్బు. ఛార్జింగు మిగలాలని రోజుకు పావుగంట మాత్రమే ఆన్ చేస్తారు, సాయంత్రం ఆరింటికి. ఇంకా ఎనిమిది గంటలు.

ఆ ఎనిమిది గంటలూ ఆమె కుర్చీలోంచి లేవలేదు. గోడ గడియారం చూడడం, మెసేజ్ వైపు చూడడం, మళ్ళీ గడియారం. ఎవరో టీ పెట్టి వెళ్ళారు. అది అలాగే చల్లారింది.

ఆరయింది. ఫోన్ మోగలేదు. ఆమే చేసింది. అందుబాటులో లేదంది. ఆరుంపావు. అందుబాటులో లేదు. ఆమె లేచి డైరెక్టర్ గదిలోకి వెళ్ళింది.

"ఒక్కపూట ఫోన్ రాకపోతే హెలికాప్టర్ పంపుతామా అమ్మా?" అన్నాడాయన. "పైగా అక్కడ మేఘాలు నేలకు దిగి ఉన్నాయట. పైలట్ ప్రాణం కూడా ప్రాణమే కదా. నీ మ్యాప్ ప్రకారం వాళ్ళున్నది గట్టి నేలేగా?"

తల ఊపి వచ్చేయొచ్చు. రాడార్‌లో అనుమానంగా ఉందని మాత్రం చెప్పి ఊరుకోవచ్చు. ఆమె టేబుల్ అంచు పట్టుకుంది.

"ఆ మ్యాప్ తప్పు సార్. పాత ముక్కలతో చిల్లులు పూడ్చాను. ఏ ఏటివో అతనికి చెప్పలేదు. తప్పు నాదే."

డైరెక్టర్ కళ్ళజోడు తీశాడు.  ఆమెను ఏమనాలో తర్వాత అంటానని చెప్పి ఫోన్ అందుకున్నాడు. మేఘం కాస్త లేవగానే హెలికాప్టర్ బయల్దేరాలని ఆమె ముందే గట్టిగా చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే అతని అమ్మ వచ్చింది. బట్టలు కుట్టే షాపు ఆవిడది. ఆ కుట్టుమిషన్ మీదే కొడుకును ఒంటిచేత్తో పెంచింది. చీరకొంగుకు గుండుసూదులు అలాగే ఉన్నాయి. కబురు తెలియగానే ఎలా ఉన్నదలా వచ్చేసినట్టుంది.

"నువ్వేనా చిల్లుల మేడమ్‌వి?" అంది పక్కన కూర్చుంటూ. "వాడు అరగంట మాట్లాడితే ఇరవై నిమిషాలు నీ గురించే. ఏమిటే తల్లీ, ముఖం ఇలా పీక్కుపోయింది? ఏమన్నా తిన్నావా?"

ఆవిడ చెయ్యి ఆమె వీపు నిమురుతోంది. ఆ చెయ్యి అలాగే ఉంటే బాగుండునని ఆమెకు ఎంత అనిపించిందో చెప్పలేం. కానీ పక్కకు జరిగింది.

"ఆంటీ, మీరు నన్ను అలా నిమరొద్దు. వాళ్ళు అక్కడ టెంట్ వేసింది నా మ్యాప్ చూసే. ఆ మ్యాప్ నేను తప్పు చేశాను."

చెయ్యి ఆగింది. మొత్తం వింది ఆవిడ, మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా. తర్వాత లేచి, కిటికీ దగ్గరున్న కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. ఆమె వైపు చూడలేదు.

మధ్యాహ్నం మేఘాల మధ్య సందు దొరికి, మామూలు చిత్రం ఒకటి వచ్చింది. ఆమె తెరిచింది.

చెరువు లేదు.

గిన్నె బోర్లించినట్టు ఖాళీ అయిపోయింది. గట్టు తెగిన చోట నుంచి పల్లం దాకా వెడల్పాటి గోధుమరంగు బురద. టెంట్లు ఉండాల్సిన చోట కూడా అదే బురద. ఆమె చిత్రాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. బురద తప్ప ఏమీ లేదు. గుట్ట వైపు జరిపింది. అక్కడ మేఘం, తెల్లగా.

ఆ తెలుపు కింద అతనున్నాడా? లేడా? ఏడ్వాలన్నా ఏడుపు రాలేదు. కిటికీ దగ్గర్నుంచి అమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, వెనక నిలబడి తెర చూస్తోంది.

"మావాడు ఎక్కడున్నాడు ఇందులో?"

"తెలీదు ఆంటీ."

"పరిగెత్తమని మెసేజ్ పంపావన్నారు."

"పంపాను. చదివారో లేదో తెలీదు."

ఆవిడ ఇక కిటికీ దగ్గరికి పోలేదు. అక్కడే ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడున్నర దాకా ఇద్దరూ ఆ తెల్లటి మేఘాన్నే చూస్తూ కూర్చున్నారు.

మూడూ ముప్పై అయిదుకు డైరెక్టర్ తలుపు తోసుకుని వచ్చాడు. "దొరికారు! గుట్ట మీద. ముగ్గురూ!"

అమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆమె నిలబడబోయి కుర్చీ కాలు తన్నుకుని నేల మీద చతికిలబడింది. లేవాలనిపించక అక్కడే కూర్చుని, రెండు రోజుల ఏడుపూ ఒకేసారి ఏడ్చింది.

నాలుగు రోజుల తర్వాత విమానాశ్రయంలో ప్రయాణికులు బయటికొచ్చే తలుపు దగ్గర అమ్మా, ఆమే నిలబడ్డారు. ఇప్పుడు ఆమెకు ఇంకో భయం. అతని ముఖం ఎలా చూడాలి?

ముందు మొక్కల ప్రొఫెసర్ వచ్చింది, జుట్టు నెరిసిన పెద్దావిడ. "అమ్మా, మీవాడికి నాలుగు తగిలించండి. నేల మెత్తగా ఉందిరా, ఇక్కడొద్దురా అని మొత్తుకున్నాను. మ్యాప్ తప్పు చెప్పదంటాడు!" అని దులిపేసి వెళ్ళిపోయింది. మూడోవాడు, గైడు, అక్కడి మనిషే. అక్కడే ఉండిపోయాడు.

తర్వాత అతను. ఎవరిదో పొట్టి ప్యాంటు, గీరుకుపోయిన మోచేతులు. అమ్మ అతని వీపు మీద ఒకటిచ్చి, అక్కడే గట్టిగా పట్టుకుంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

అతనే దగ్గరికి వచ్చాడు. నవ్వడం లేదు.

"ఆ మ్యాప్..." అంది ఆమె.

"తెలుసు. పైలట్ చెప్పాడు. నువ్వు ఒప్పుకోకపోతే ఇంకో రెండు రోజులు ఎవరూ వచ్చేవారు కాదట." గీరుకుపోయిన మోచెయ్యి తడుముకున్నాడు. "గుట్ట మీద కూర్చుని ఒక పూటంతా నిన్ను తిట్టుకున్నాను. ఇంకో పూట నన్ను తిట్టుకున్నాను. కాళ్ళ కింద నేల మెత్తగా దిగుతుంటే నమ్మకుండా, కాగితాన్ని నమ్మినవాణ్ణి నేను."

"మెసేజ్ ఎప్పుడు చూశావు? ఆరింటికి ఫోన్ ఎత్తలేదు కదా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మధ్యాహ్నమే చూశాను. ఆరు దాకా ఆగలేక దొంగతనంగా ఆన్ చేశాను. నీకొక మాట పంపాలని."

"ఏం మాట?"

"పెళ్ళి చేసుకుందామా అని టైప్ చేశాను. పంపబోతుంటే నీ మెసేజ్ వచ్చి పడింది. వెంటనే లేచి పరిగెత్తండి అని! అడగకముందే జవాబొచ్చేసిందేమిట్రా అనుకున్నాను."

ఆమె నవ్వేసింది, ఏడుస్తూనే.

"మేం గుట్ట ఎక్కిన ఇరవై నిమిషాలకు గట్టు తెగింది. ఫోన్ ఆ చదవడంతోటే చచ్చింది. సోలార్ పలక బురదలో పోయింది. అందుకే నా మాట పంపలేకపోయాను." గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు అడుగుతున్నాను. ఏమంటావు?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "నువ్వంటే ఇష్టం. ఎంతో ఇష్టం. కానీ నాకు భయం. వచ్చే వేసవికి నువ్వు మళ్ళీ వెళ్తావు. ఆ పై వేసవికీ వెళ్తావు. మొన్నటిలాంటి రెండు రోజులు ప్రతి ఏడూ నేనెలా పడను? నా వల్ల కాదేమో."

అతను నోరు తెరిచాడు. వెళ్ళనని అబద్ధం చెప్పలేక మూసేశాడు.

అప్పటిదాకా పక్కన సంచీ మోసుకుని నిలబడ్డ అమ్మ ముందుకొచ్చింది. ఆ పొద్దున కుర్చీ మార్చుకున్నాక, ఆమెను మళ్ళీ ముట్టుకోవడం ఇదే. చెయ్యి పట్టుకుంది.

"చూడమ్మాయ్. వీడి కోసం ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే భయపడుతూ వచ్చాను. అలిసిపోయాను. ఇక సగం నువ్వు పట్టుకో."

"సరే అత్తయ్యా," అంది ఆమె.