ప్రెసిడెంటు గారి ఓటు

హరికిషన్ మూడు రోజులుగా న్యాయం కోసం పోరాడుతున్నాడు. పాప్ మ్యూజిక్ అవార్డుల్లో బెస్ట్ సింగర్ బహుమతి అతని అభిమాన గాయకుడు సదాశివకు కాకుండా హదస్సా అనే కొత్త అమ్మాయికి వచ్చింది. ప్రజలు ఓట్లు వేస్తేనే వచ్చింది కానీ, ప్రజలకు చెవులు లేవని అతని అభిప్రాయం. సదాశివ ఫ్యాన్స్ గ్రూపుకు అతనే ప్రెసిడెంటు. అందుకని ఊరంతా చూసేలా పోస్టు పెట్టాడు: "హదస్సాకు ఓటేసినోళ్ళు జెర చెవుల డాక్టరును కలవాలె."

ఆ పోస్టు భానుప్రియ కూడా చూసింది. సికింద్రాబాద్‌లో ఇద్దరిదీ ఒకే ఆఫీసు, మెట్టుగూడ నుంచి ఒకే బస్సు. నెల రోజులుగా ఆమె ఇయర్‌ఫోన్లలో ఒకటి అతని చెవిలో ఉండేది. రెండింటిలోనూ హదస్సాయే పాడేది. పోస్టు పెట్టిన మర్నాడు ఆమె ముందు సీట్లోకి మారిపోయి, రెండు ఇయర్‌ఫోన్లూ తనే పెట్టుకుంది.

అతనికి అన్నం సయించలేదు. అయినా పోరాటం ఆపలేదు. ఓట్ల లెక్కలో మోసం జరిగిందని తేల్చడానికి, సభ్యులంతా తాము వేసిన ఓటు స్క్రీన్‌షాట్ పెట్టాలని హుకుం జారీ చేశాడు. సాయంత్రానికి అరవై ముగ్గురు పెట్టారు. పెట్టనిది ప్రెసిడెంటు ఒక్కడే. "నీదేది, అన్నా?" అని గ్రూపంతా అడగడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు జల్లు పడుతోంది. బస్‌స్టాపులో ఆమె పక్కకు వెళ్ళి ఫోన్ చూపించాడు. అతని పేరు కింద 'మీ ఓటు హదస్సాకు' అని ఉంది.

"ఏటండీ ఇది?"

"మీరు కండ్లు మూసుకొని ఆమె పాట వింటుంటే చూసిన. ఇంటికి పోయి ఓటేద్దామని కూసుంటే, చెయ్యి గామె పేరు మీదికే పోయింది."

"మరి ఆ పోస్టు?"

"ప్రెసిడెంటును గదా."

ఆమె నవ్వు ఆపుకుంది. "ఇది గ్రూపులో పెట్టండి. అప్పుడు మాట్లాడతాను."

పెడితే వాళ్ళు తనను తీసేస్తారని గొణిగాడు. ఆమె బస్సు కోసం రోడ్డు వైపు చూసింది. అతను పెట్టేశాడు. బస్సు వచ్చేలోపే మూడేళ్ళ పదవి ఊడిపోయింది.

బస్సులో ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. అతనికి ధైర్యం వచ్చి, నాకోసం మీరు సుత సదాశివకు వేశారా అని అడిగాడు.

"లేదండీ, హదస్సాకే వేసీసినాను. మీరంటే ఇష్టమే. అది వేరే సంగతి."

అతను తేరుకునేలోపే ఒక ఇయర్‌ఫోన్ అతని చెవిలో పెట్టింది. అందులో సదాశివ పాడుతున్నాడు. హరికిషన్ కళ్ళు చెమ్మగిల్లాయి.

పాట చివరిదాకా విని, "బాగానే పాడతాడు," అంది భానుప్రియ. "అవార్డు ఇచ్చేంత కాదు."

మాజీ ప్రెసిడెంటు బుద్ధిగా తలూపాడు.