కాసేపు మీ మొహం అప్పిస్తారా

"కాసేపు మీ మొహం అప్పిస్తారా?"

కళ్ళజోళ్ళ షాపులో ఎవరిదో ఫ్రేముకి స్క్రూ బిగిస్తున్న మనవాడు తలెత్తి చూశాడు. కౌంటర్‌కి అవతల ఒక అమ్మాయి. మెళ్ళో కెమెరా, జుట్టులో పెన్ను, కాళ్ళకి రెండు రకాల చెప్పులు.

"ఏంటి?"

"మొహమండీ. మీదే. పక్కన మేడ మీద రూములో లైట్ సెట్ చేసుకోవాలి, ఫోటో దిగే మనిషి వచ్చేలోపు. స్టూలు మీద దిండు పెట్టి చూశా. దిండుకి ముక్కు లేదు."

"అంటే నా ముక్కుతో పనా?"

"నీడ బాగా పడుతుంది. మెట్లెక్కుతూ రోజూ చూస్తున్నాగా."

ఆ ముక్కుని స్కూల్లో ఏమని పిలిచేవాళ్ళో ఇప్పుడెందుకులెండి. దాన్ని పట్టుకుని ఒకమ్మాయి మంచి మాట చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి. ఓనరు భోజనానికి వెళ్ళాడు. మనవాడు షట్టరు సగం దించి ఆమె వెనకాల మెట్లెక్కేశాడు.

కింద ఆమె పెద్దమ్మ టైలరింగ్ షాపు, పైన ఈ రూము. ఒక స్టూలు, ఒక కిటికీ, గోడకి లైనింగ్ గుడ్డ, తెల్ల గొడుగు తగిలించిన లైటు. అంతే స్టూడియో. కూర్చున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాడు.

"ఇవాళ ఎవరొస్తున్నారు?"

"నా ఫ్రెండ్. జిమ్ కోచ్."

క్లిక్.

పాపం, ఆ క్లిక్కే మనవాడి కొంప ముంచింది.

అది రోజువారీ డ్యూటీ అయిపోయింది. మీరు కాస్తా నువ్వు అయింది. అతనికి స్టాండు అని పేరు పెట్టేసింది, లైట్ స్టాండులా కదలకుండా కూర్చుంటాడని. ఇతనేమో ఆమెని ఫ్లాష్ అనేవాడు. వచ్చినట్టే ఉంటుంది, కళ్ళు జిగేల్మంటాయి, తీరా చూస్తే ఉండదు.

ఫ్లాష్‌కి ఒకటే పిచ్చి, మొహాలు. పెళ్ళి ఫోటోలొద్దు, బిల్డింగులొద్దు, పువ్వులొద్దు. మనుషుల మొహాలు తీసే బతకాలి. డబ్బులిచ్చి దిగేవాళ్ళు ఇంకా ఎవరూ లేరు కాబట్టి ఫ్రెండ్స్ అందర్నీ ఒక్కొక్కళ్ళనీ లాక్కొచ్చి తీస్తోంది. ఊళ్ళో పేరున్న పోర్ట్రెయిట్ స్టూడియోలో అసిస్టెంట్‌గా ఒకళ్ళని తీసుకుంటున్నారు. ఆ ఫోటోలు అక్కడికి పంపాలి. ఆ ఉద్యోగం రాకపోతే పెదనాన్న టైల్స్ షాపులో బిల్లింగ్ కౌంటర్. ఇంట్లో ఒప్పందం అది.

"టైల్స్‌కి మొహాలుండవు స్టాండూ," అనేది. "ఇది రాకపోతే నేను చచ్చానే."

మనవాడికి ఆ ఉద్యోగం ఆమెకి రావాలని మనస్ఫూర్తిగా ఉంది. ఆ ఫ్రెండ్స్ మాత్రం రాకూడదని అంతకంటే మనస్ఫూర్తిగా ఉంది.

ఎందుకుండదు? టెస్ట్ అవగానే తను స్టూలు దిగాలి, వచ్చినవాడు ఎక్కాలి. తను వేడి చేసిన స్టూలు మీద ఇంకొకడు దర్జాగా కూర్చుంటాడు. "గడ్డం కొంచెం కిందకి... ఆ... అలాగే... సూపర్" అని ఫ్లాష్ గొంతులో తేనె కారుతుంది. తనతో ఎప్పుడైనా సూపర్ అందా? "కదలకు స్టాండూ" తప్ప ఇంకో మాట లేదు. పోనీ ఆ టెస్ట్ ఫోటోలైనా చూస్తుందా అంటే, ముక్కు పక్కన నీడ ఎంత ఉందో చూస్తుంది, అంతే. ముక్కుకి చుట్టూ ఒక మనిషి ఉన్నాడని ఆమెకి తట్టనే తట్టదు.

జిమ్ కోచ్ అంటే ముందునుంచీ పడలేదు. మెడా తలా ఒకే వెడల్పు, ఏ ఫ్రేమూ పట్టదు వాడికి. గిటార్ వాయించేవాడు వచ్చినప్పుడు వాడి జుట్టు ఆమె తన చేత్తో సర్దింది. ఆ రాత్రి అన్నం సహించలేదు మనవాడికి. ఇక పళ్ళ డాక్టరు. అతను నవ్వితే రెండో లైటు అక్కర్లేదు.

"ఇవాళ ఎవరొస్తున్నారు?"

"పళ్ళ డాక్టరు. మళ్ళీ."

"మళ్ళీనా? మొన్నే తీశావుగా."

"మొన్న ఎడమవైపు. కదలకు."

క్లిక్.

కిందకి దిగుతుంటే పెద్దమ్మ మిషన్ ఆపి కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏంటబ్బాయ్, మొహం అలా మాడ్చుకున్నావు?"

"ఏం లేదాంటీ. లైటు వేడి."

"లైటు వేడా. ఇన్నేళ్ళుగా కుడుతున్నా. గుడ్డ ఎక్కడ లాగుతోందో నాకు తెలీదా?"

మనవాడు వినిపించనట్టు షాపులోకి దూరిపోయాడు.

*

ఫోటోలు పంపాల్సిన ఆఖరి రోజు వాన దంచి కొట్టింది. ఫ్లాష్ ఊరి చివర ఏదో స్కూల్లో క్లాస్ ఫోటోలు తీయడానికి వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది. ఫోన్ చేసింది.

"స్టాండూ, ప్లీజ్, పైకెళ్ళి నా లాప్‌టాప్‌లోంచి స్టూడియోకి పంపెయ్. మెయిల్ రెడీగా ఉంది, ఫోల్డర్ తగిలిస్తే చాలు. 'కొత్తవి' అని ఉంటుంది. ఒకసారి తెరిచి చూసి పంపు."

పైకెళ్ళాడు. అక్కడ 'కొత్తవి' ఉంది, 'కొత్తవి రెండు' కూడా ఉంది. ఫ్లాష్‌కి పేర్లు పెట్టే ఓపిక ఎప్పుడుంది గనక. తెరిచి చూస్తే తెలిసిపోయేది. కానీ తెరిస్తే ఎవరు కనిపిస్తారు? జిమ్ కోచ్ కుడివైపు, జిమ్ కోచ్ ఎడమవైపు, నవ్వుతూ పళ్ళ డాక్టరు. ఆమె అంత ప్రేమగా తీసినవాళ్ళని వరసపెట్టి చూసే గుండె లేదు మనవాడికి.

రెండోదే కదా ఇంకా కొత్తది అనుకుని, తెరవకుండానే తగిలించి పంపేశాడు. "పంపావా?" అంటే "పంపా" అన్నాడు. "చూశావా?" అంటే "ఆ" అన్నాడు.

వారం తిరక్కుండా స్టూడియో నుంచి ఫోనొచ్చింది. మేడమ్ గారు మాట్లాడాలంటున్నారు, వెంటనే రమ్మన్నారని. ఫ్లాష్ మెట్ల మీంచి ఎగురుకుంటూ వచ్చి మనవాడి చేతిలో బ్యాగు పడేసింది. "నువ్వూ రా. ఒక్కదాన్నే వెళ్ళలేను."

స్టూడియో తలుపు తీసి లోపలికి అడుగు పెట్టారో లేదో, ఇద్దరూ ఆగిపోయారు.

పొడుగాటి బల్ల. బల్ల నిండా ప్రింట్లు. ప్రతి ప్రింటులోనూ మనవాడే.

నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మేడమ్ బల్ల అవతల నిలబడి ఉన్నారు. మనవాణ్ణి చూసి ఒక ప్రింటు ఎత్తి పక్కన పెట్టి పోల్చారు. "ఓ, ఇతనేనా. రా నాయనా."

ఫ్లాష్ మొహంలో రక్తం లేదు. "మేడమ్, ఇవి కావు. ఇవి లైట్ టెస్టులు. నా ఫోటోలు వేరే ఉన్నాయి."

"ఉన్నాయా? చూపించు."

ఫోన్‌లో చూపించింది. మేడమ్ వేలితో ఒక్కొక్కటే జరిపారు. జిమ్ కోచ్, గిటార్, డాక్టరు.

"బావున్నారు. అందరూ బావున్నారు. పెళ్ళి సంబంధాలకి పంపుకోవచ్చు." ఫోన్ తిరిగి ఇచ్చేశారు. "వీళ్ళు ఫోటో దిగుతున్నారమ్మా. ఇతను దిగట్లేదు, నిన్ను చూస్తున్నాడు. అది సరేగానీ నాకో డౌటు." ఒక ప్రింటు ముందుకి తోశారు. "ఇక్కడ ఈ క్లిక్ ముందు ఏమన్నావు ఇతనితో?"

ఫ్లాష్ వంగి చూసింది. నీడ కాదు, ఈసారి మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"జిమ్ కోచ్ వస్తున్నాడని."

"ఇక్కడ?"

"గిటార్ వాయించే ఫ్రెండ్."

"మరి ఇదో? ఇందులో ఇతను ఎవర్నో నమిలి మింగేసేలా ఉన్నాడు."

"పళ్ళ డాక్టరు," అంది ఫ్లాష్ చిన్న గొంతుతో. "రెండోసారి."

మనవాడికి నేల చీలితే బావుణ్ణనిపించింది. నేల చూస్తే గట్టి గ్రానైటు.

"మనిషి కుళ్ళుకోవడం ఇంత శుభ్రంగా ఎవరూ తీయగా చూళ్ళేదు నేను," అన్నారు మేడమ్. "కానీ ఇది తెలిసి తీశావో గుడ్డిగా తీశావో నాకు తెలియాలి. ఒక పని చెయ్. ఇదే మనిషి, ఈ కుళ్ళు లేని మొహంతో, ఒక్క ఫోటో. శుక్రవారంలోపు తెచ్చావంటే ఇక్కడ బల్ల నీది."

*

బయట సన్నగా తుంపర. బ్యాగులో ఉన్నది ఆ లైటు గొడుగొక్కటే. అది వెలుతురు దిగడానికి చేసిన గొడుగు, వానా అలాగే దిగుతోంది. దాని కింద ఇద్దరూ తడుస్తూ నడిచారు.

"కావాలనే చేశావా?"

"ఒట్టు. చూసుకోలేదు."

"తెరిచి చూడమన్నా కదా. చూశానని కూడా చెప్పావు."

"అబద్ధం చెప్పా."

"ఎందుకు తెరవలేదు?"

మనవాడు ఒక గుంట దాటాడు, ఇంకో గుంట దాటాడు. "ఆ జిమ్ వాడి మొహం చూడలేక."

ఫ్లాష్ ఆగింది. వెంట్రుకల చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"నా ఉద్యోగం పోయేది స్టాండూ. నీ కుళ్ళు వల్ల నేను టైల్స్ అమ్ముకునేదాన్ని."

మనవాడు గొడుగు మొత్తం ఆమె వైపు జరిపాడు. ఏం లాభం, అది కారే గొడుగు.

మర్నాడు రూములో మొదలైంది అసలు తంటా. నవ్వమంటే నవ్వాడు, పాస్‌పోర్ట్ ఆఫీసులో నవ్వినట్టు. మామూలుగా ఉండమంటే ఊపిరి బిగబట్టాడు. ఇంతకుముందు తనని ఆమె చూడట్లేదని ధీమా, ఇప్పుడు చూస్తోందని భయం. ఆమెకీ అంతే. కెమెరా కన్ను దగ్గర పెట్టుకుంటుంది, దించుతుంది. "ఏదైనా మంచి విషయం ఆలోచించు." "ఆలోచిస్తున్నా." "మరి మొహమేంటి అలా ఉంది?" "శుక్రవారం తర్వాత నువ్వు ఆ స్టూడియోలోనే ఉంటావు కదా. అక్కడికి ఎవరెవరొస్తారో."

ఫ్లాష్ తల పట్టుకుంది. "నా ఫ్రెండ్స్ అయిపోయారు, ఇక ఊరి మీద పడ్డావా?"

గురువారం సాయంత్రానికి కూడా ఒక్క ఫోటో రాలేదు. అప్పటికి పెదనాన్న బిల్లింగ్ కుర్చీకి కొత్త దిండు కూడా కొన్నాడట, పెద్దమ్మ చెప్పింది.

*

శుక్రవారం పొద్దున్నే షాపు తెరుస్తూనే కాలేజీ లెక్చరర్ ఒకావిడ వచ్చింది. చిన్నవయసే, చక్కగా ఉంటుంది. కొత్త ఫ్రేము వదులైందని.

అది మనవాడి పని. ఇందులో మనవాడు బిడియపడడు. కౌంటర్ దాటి వచ్చి, గుమ్మానికి వీపు పెట్టి, ముందుకి వంగి ఫ్రేము పెట్టాడు, చెవుల వెనక రెండు వేళ్ళతో తడిమి చూశాడు, తీశాడు, చెవి మీద ఆనే కాడని కొంచెం వేడి చేసి వంచాడు, మళ్ళీ పెట్టాడు. "ఇటు చూడండి. నా ముక్కు వంక చూడండి. ఆ, అలాగే. సూపర్."

లెక్చరర్ నవ్వింది. "మీకు భలే ఓపికండీ. ఇంత దగ్గర్నుంచి రోజూ ఎంతమంది మొహాలు చూస్తారో."

"అదే కదండీ మా పని."

ఒక చెయ్యి ఇంకా ఆవిడ చెవి దగ్గరే ఉంచి, రెండో చేత్తో అద్దం ఆవిడ వైపు తిప్పబోతూ దాంట్లోకి చూశాడు. అద్దంలో తన భుజం వెనక, గుమ్మం దగ్గర, ఫ్లాష్. ఎప్పుడొచ్చిందో. కెమెరా రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. పెదాలు బిగుసుకున్నాయి. ఎడమ కనుబొమ కొద్దిగా పైకి లేచింది. చూపు లెక్చరర్ చెవుల దగ్గర, అతని వేళ్ళ మీద.

ఈ మొహం ఎక్కడో చూశాను అనుకున్నాడు మనవాడు.

ఎక్కడో ఏంటి. బల్ల నిండా చూశాడు. ప్రతి ప్రింటులోనూ చూశాడు. ముక్కు ఒక్కటే తేడా.

మెల్లిగా వెనక్కి తిరిగాడు.

"ఎవరావిడ?" అంది ఫ్లాష్. మామూలుగా అడిగాననుకుంది. పిన్నీసు గుచ్చినట్టుంది ఆ గొంతు.

అంతే, మనవాడి మొహంలో ఏదో జరిగింది. నవ్వు కూడా కాదది. ఎన్నాళ్ళుగానో బిగించి ఉన్న స్క్రూ ఏదో వదులైనట్టు మొహం మొత్తం విచ్చుకుంది, ఆ ముక్కుతో సహా.

ఫ్లాష్ చెయ్యి దానంతటదే లేచింది. నీడ చూసుకోలేదు, లైటు చూసుకోలేదు.

క్లిక్.

లెక్చరర్ వీళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, కొత్త కళ్ళజోడులోంచి అంతా స్పష్టంగానే కనిపించినట్టుంది, "నేను తర్వాత వస్తాలెండి" అని వెళ్ళిపోయింది.

"నువ్వు కుళ్ళుకున్నావు," అన్నాడు మనవాడు.

"లేదు."

"నాకు తెలుసు ఆ మొహం. నా దగ్గర ఉంది."

"ఇన్నాళ్ళూ స్టూలు మీద కూర్చోబెట్టి సతాయించినందుకు నీకు సారీ చెప్పడానికొచ్చా. టైల్స్ షాపులో చేరిపోతానని చెబుదామని వచ్చా. వచ్చేసరికి నువ్వు ఆవిడ చెవులు..." ఆగింది. "సూపర్ అట. నాతో ఎప్పుడైనా అన్నావా సూపర్ అని?"

"నువ్వన్నావా నాతో?"

ఫ్లాష్ కెమెరా వెనక తెర మీద ఫోటో చూసుకుంది. చూసి కౌంటర్ మీద పెట్టి అతని వైపు తిప్పింది. షాపు ట్యూబ్‌లైటు, వెనక ఫ్రేముల వరసలు, కొంచెం వంకరగా వచ్చింది కూడా. మధ్యలో ఆ మొహం.

"సూపర్," అంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. "నేనింతకాలం నీ నీడ కొలుచుకుంటూ కూర్చున్నా స్టాండూ. నిన్ను చూస్తే చెయ్యి వణుకుతుందని ఇవాళే తెలిసింది. చూడు, వంకరొచ్చింది."

"తిన్నగానే ఉంది," అన్నాడు మనవాడు, మెడ వంచి చూస్తూ.

మేడమ్ ఆ ఫోటోని బల్ల మీద మిగతావాటి మధ్యలో పెట్టి, "ఈసారి ఎవరొస్తున్నారని చెప్పావు?" అని అడిగారట. ఫ్లాష్ చెవుల దాకా ఎర్రబడితే, సోమవారం నుంచి రమ్మన్నారట.

సాయంత్రం మెట్ల దగ్గర పెద్దమ్మ టేపు మెళ్ళో వేసుకుని అడ్డంగా నిలబడింది. "ఏవమ్మా, మీ పెదనాన్నకి చెప్పేయనా, దిండు వెనక్కిచ్చేయమని?"

"చెప్పెయ్ పెద్దమ్మా."

"ఇతని గురించో?" మనవాణ్ణి పైనుంచి కిందకి చూసి భుజాల మీద టేపు పెట్టి కొలిచింది. "మొహం మాడ్చుకోకుండా ఉంటే బానే ఉన్నాడు. ఆదివారం మీ నాన్న వస్తాడు. మంచి చొక్కా కుడతా, వేసుకుని రా."

అప్పటికే మెట్లెక్కేసిన ఫ్లాష్ పై నుంచి పిలిచింది. "స్టాండూ, రా, లైట్ సెట్ చెయ్యాలి."

మనవాడు రెండేసి మెట్లు ఎక్కుతూ, అలవాటు పోక అడగనే అడిగాడు. "ఇవాళ ఎవరొస్తున్నారు?"

"పళ్ళ డాక్టరు," అంది ఫ్లాష్, కెమెరా కన్ను దగ్గర పెట్టుకుని, అతని మొహం కోసం ఎదురుచూస్తూ. "ఈసారి కాబోయే పెళ్ళాంతో."